ఒక మార్కు తక్కువ కేశవులు

ఎమ్మిగనూరు కేశవులుకు మార్కులు వేసే జబ్బు ఉండేది. కంటికి కనిపించినదానికల్లా వందకు ఇన్ని అని వేసేవాడు. అంతటితో ఆగితే ఊరు ఓర్చుకునేదే, అయ్యవారు కావలసినవాడు దారి తప్పి నేతగాళ్ల ఇంట పుట్టాడులే అని. కానీ ఎదుటివాళ్లకు వేసిన వెంటనే తనకూ వేసుకునేవాడు. అదీ ఎప్పుడు చూసినా ఎదుటివాడికంటే సరిగ్గా ఒకటి తక్కువ. ఎదుట పదిమంది ఉంటే, ఆ పదిమందిలో ఆఖరివాడికంటే ఒకటి తక్కువ.

వాన కురిస్తే వానకు అరవై ఒకటి, గొడుగు మరిచినందుకు తనకు అరవై. ఆదోని బస్సు డ్రైవరుకు నలభై నాలుగు వేసి, "కూచునేటోనికి నలభై మూడు. మలుపులో పక్కాయన మీద పడినా గదా" అనేవాడు. అణాలు పోయి నయాపైసలు వచ్చిన ఏడు, కొత్త నయాపైసను అరచేతిలో అటూ ఇటూ తిప్పి, "నలభై రెండు. మరీ సిన్నగుండాది, పంచె మడతల్లో పోతాది" అన్నాడు. సాయంకాలానికి అది మడతల్లోనే పోయింది. "ఎరిగుండీ పోగొట్టుకున్నా. నాకు నలభై ఒకటి" అన్నాడు.

రంగప్ప పెళ్లిలో వంకాయ కూరకు అరవై ఎనిమిది, పెళ్లికొడుక్కు నలభై తొమ్మిది వేశాడు. పెళ్లికొడుకు తరఫువాళ్లు కర్రల కోసం వెతుకుతుండగానే, "పెండ్లే కాని నాకు నలభై ఎనిమిది" అని వాళ్లను నవ్వించి, వాళ్ల పంక్తిలోనే కూచుని రెండోసారి వంకాయ కూర వేయించుకున్నాడు.

ఈ రంగప్ప టెంటు సినిమాలో ఆపరేటరు. కేశవులుతో ఒకటే వీధి, ఒకటే బడి, ఒకటే బల్ల. రంగప్పతో ఎవరు మాట కలిపినా మొదటి మాట వాళ్లు చెప్పాలి, రెండో మాట రంగప్ప చెప్పాలి. ఆ రెండో మాట ఎప్పుడూ ఒకటే. "కేశవులు మద్రాసులో సదువుతాండాడు గాని, అయిదో తరగతి లెక్కల్లో నాకు పన్నెండు, వానికి పదకొండు. అడుగు పోయి."

ఆ పన్నెండు మార్కులు రంగప్ప జన్మలో సంపాదించిన ఆస్తి. ఆఖరున వస్తే బడి మాన్పించి నూలు కండెలు చుట్టేదానికి కూచోబెడతానని వాళ్లమ్మ ఆ ఏడు ఒట్టు పెట్టింది. ఆఖరున కేశవులు వచ్చాడు కాబట్టి రంగప్ప బడిలోనే ఉండి ఎనిమిదో తరగతి దాకా ఈడ్చాడు. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి కాబట్టి టెంటు యజమాని హుసేనప్ప మిషను అప్పజెప్పాడు. కేశవులు మార్కుల జబ్బు కూడా ఆ పన్నెండు మార్కులతోనే మొదలైందని రంగప్ప గట్టి నమ్మకం. "నేను కొట్టిన దెబ్బ అది. పాపం, ఇంకా తేరుకోలేదు" అని అప్పుడప్పుడు జాలిపడేవాడు కూడా.

కేశవులు మద్రాసులో చదివేది సినిమాలు తీసే చదువు. ఆఖరు ఏడు ప్రతి విద్యార్థీ ఒంటరిగా ఒక పది నిమిషాల సినిమా తీయాలి. చిన్న కెమెరా, నాలుగు చుట్టల రీలు కాలేజీవాళ్లే ఇచ్చి ఇంటికి పంపారు. కేశవులు బస్సు దిగి, తలుపు దగ్గరే వదిన సావిత్రమ్మకు అంతా వివరించాడు.

"పరీచ్చ పెట్టేదెవరప్పా?" అంది సావిత్రమ్మ.

"నేనే వదినా. ఏం తీయాల్నో నేనే అనుకుంటా."

"రాసేది?"

"తీసేది నేనే."

"మార్కులేసేదన్నా వాళ్లు గదా?"

"అదీ నేనే. ఎవరి సినిమాకు వాళ్లే వందకు ఇన్నని వేసుకుని, ఏంటికేసుకున్నామో కాయితం మీద రాయల్ల. నలభై వస్తే పాసు."

సావిత్రమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది. ఇంకెవరైనా అయితే పండగ చేసుకునే పరీక్ష అది. కేశవులు కాబట్టి ఇంటిమీద పిడుగు పడ్డట్టయింది. మరిది చదువుకు మొగుణ్ణి ఒప్పించడానికి ఆమె రెండేళ్లు పోరాడింది. పాసైతే మద్రాసు స్టూడియోలో పని, తప్పితే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూచోవాలి, మళ్లీ సినిమా మాట ఎత్తకూడదు అని వాళ్లన్న ముందే చెప్పేశాడు. లోకంలో ఎవరు దిద్దినా పాసయ్యే పిల్లవాడు, తానే దిద్దుకుంటే తప్పుతాడని ఆమెకు తెలుసు.

మర్నాడు ఉగ్గాని చేసి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టి, విసనకర్ర తీసుకుని ఎదురుగా కూచుంది.

"ఉగ్గానికి డెబ్బై నాలుగు వదినా. తిన్నందుకు నాకు డెబ్బై మూడు."

"ఆ డెబ్బై మూడే ఆ కాయితం మీద రాసుకోగూడదా?"

"అది తిండి పేపరు. సినిమా పేపరు వేరే" అని కేశవులు ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

లాభం లేదని సావిత్రమ్మ వీధిలోవాళ్లను కూడగట్టింది. లెక్క అందరికీ తెలిసిందే. సినిమాలో పనిచేసినవాళ్లలో ఆఖరివాడికి ఎంత వస్తే అంతకు ఒకటి తక్కువ కేశవులుకు. కాబట్టి వీధిలో ఒక్కడికి కూడా నలభై ఒకటికి తగ్గకూడదు. కేశవులును పాస్ చేయించాలంటే వీధి వీధంతా పాస్ కావాలి.

సినిమా పేరు 'పడుగు'. నూలు మగ్గం ఎక్కి చీరయ్యే దాకా చూపించాలని కేశవులు ఉద్దేశం. కెమెరా వైపు చూడకుండా ఎవరి పని వాళ్లు చేసుకోండి చాలు అన్నాడు. ఆ ఒక్కటే ఎవరికీ చేత కాలేదు. పుట్టినప్పటినుంచి కండెలు చుడుతున్న సావిత్రమ్మ, కెమెరా పెట్టేసరికి రాట్నం ఎటు తిప్పాలో మరిచిపోయింది. వాళ్లన్న మరీ ఘోరం. మగ్గం మీద నాడె అటూ ఇటూ విసురుతూ, ఫోటో పటంలో తాతలాగ బిగుసుకుని కెమెరానే చూశాడు. ఉత్తుత్తిగా ఒకసారి పట్టి చూసి కేశవులు, "ముప్పై ఏడు" అన్నాడు.

"ముప్పై ఏడా? తమ్ముని బతుకు ముంచేదానికేనా?" అని సావిత్రమ్మ మొగుణ్ణి పట్టుకుంది. తప్పితే గుంటలో దిగాలన్న పెద్దమనిషి, మూడు రోజులు ఖాళీ కెమెరా ముందు నాడె విసరడం సాధన చేశాడు. దారిన పోయేవాళ్లు తొంగిచూసి, "ఎంతకొచ్చినావన్నా?" అని అడిగేవాళ్లు. "నిన్నటికి నలబై" అని తల దించుకునే జవాబు చెప్పేవాడు. నాలుగోనాడు నలభై నాలుగు వచ్చింది. సావిత్రమ్మ ఇంటింటికీ బెల్లం పంచింది.

తర్వాత వీధిలో పడుగు సాచి గంజి పెట్టే రోజు. తెల్లవారుజామున ఈ కొసనుంచి ఆ కొసకు పోగులు సాచి, ఆడా మగా చెరోవైపు నిలబడి కుంచెలతో దువ్వుతారు. కేశవులు మంచి చోటు చూసుకుని కెమెరా తిప్పడం మొదలుపెట్టాడో లేదో, శ్రీశైలమ్మ అవ్వ నేరుగా వచ్చి అడ్డంగా నిలబడింది. ఆ వీధిలో తెగిన పోగు అతకడంలో ఆమెను మించినవాళ్లు లేరు. చూపు సగం పోయినా వేళ్లకు కళ్లు ఉన్నాయని చెప్పుకునేవాళ్లు.

"అవ్వా, పక్కకు జరుగు. బొమ్మకు అడ్డమొస్తాండావు."

"పోగు తెగిండాది నాయనా. నీ బొమ్మ నిలబడితాది, పోగు నిలబడదు." అని వేలు నాలుకకు తగిలించి, రెండు కొసలూ కలిపి పురి పెట్టి, తీరిగ్గా పక్కకు తప్పుకుంది. కేశవులు కెమెరా ఆపలేదు. "డెబ్బై ఒకటి" అని తనలో తాను అనుకున్నది కూడా పక్కనున్న రంగప్పకు వినిపించింది.

రంగప్ప సహాయకుడు. కెమెరా నిలబెట్టే కర్రలు మోయడం, పిల్లలను తరమడం, నాకు పన్నెండు వానికి పదకొండు అని చూడవచ్చినవాళ్లకు చెప్పడం ఆయన పని. నాలుగో చుట్ట కూడా అయిపోయాక కేశవులు కెమెరా అరుగు మీద పెట్టి, మంచినీళ్లకు లోపలికి పోయాడు.

రంగప్ప ఎనిమిదేళ్లుగా రీళ్లతోనే బతుకుతున్నాడు. మిషను మూత తీసి, రీలు బారెడు లాగి, వెలుతురుకు ఎత్తి బొమ్మలు చూసుకోవడం ఆయనకు రోజూ ముఖం కడుక్కోవడం వంటిది. అయితే ఆయన చూసినవన్నీ బొమ్మలు అచ్చయి వచ్చిన రీళ్లు. మద్రాసుకు పోయి మందులో కడిగేదాకా వెలుతురు తగలకూడని పచ్చి రీలు ఒకటి ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మన సినిమా ఎట్లా వచ్చిందో చూద్దామని మూత తీశాడు. రెండు బారలు లాగి ఎండకు ఎత్తాడు.

"కేశవులూ, మోసపోయినాం రా," అని కేకలు పెడుతూ లోపలికి పరుగెత్తాడు. "నీ కెమెరా చెడిపోయిండాది. బాగా సూసినా. ఒక్క బొమ్మ గూడా పడలేదు."

కేశవులు చెంబు దించాడు. "యాడ సూసినావు?"

"ఎండలోనే. నీడలో సరిగా కనపడకపాయె."

కేశవులు బయటికి వచ్చి, రీలు చుట్టి, మూత పెట్టి, కెమెరా సంచిలో వేసుకున్నాడు. కొనాలన్నా దొరికే రీలు కాదు అది. మెల్లగా, "వెలుతురు తగిలినంతా పోయినట్టే రా" అని సంగతి చెప్పాడు. రంగప్ప అరుగు మీద కూలబడ్డాడు.

"ఎంతేసినావు నాకు? సెప్పు, ఎంత తక్కువైనా పర్లేదు."

"రీలు కడిగి వచ్చినాక సూద్దాం."

కేశవులు మార్కులు వేయకుండా ఊరుకోవడం ఆ ఊళ్లో అదే మొదలు. రంగప్పకు ఆ వారమంతా అన్నం సహించలేదు. సున్నా అన్నా మింగుడుపడేది కానీ, మార్కులు లేకపోవడం భరించలేకపోయాడు. ఆదోని స్టేషనులో పార్సెలు కట్టి పంపేటప్పుడు ఆ పెట్టెకు దండం కూడా పెట్టాడు.

మూడు వారాలకు రీలు కడిగి తిరిగి వచ్చింది. కేశవులు ముక్కలను కథ వరసలో పెట్టి అతికాడు. పదిమంది మధ్య చూసి మార్కులు వేసుకోవాలని కాలేజీ నియమం. హుసేనప్ప మొదటి ఆటకు ముందు పావుగంట టెంటు వదిలాడు. పొద్దుగూకేసరికి వీధి మొత్తం వచ్చి ఇసుకలో కూచుంది. వీళ్లందరికీ అయిదో తరగతి చెప్పిన గోవిందయ్య అయ్యవారు, కళ్లకు దూరమైతేనే బాగా ఆనుతుందని వెనక మిషను పక్కన కుర్చీ వేయించుకున్నాడు.

బొమ్మ మొదలైంది. సావిత్రమ్మ చుట్టిన కండె తెర మీద గుమ్మడికాయంత కనిపించింది. వాళ్లన్న తల దించుకుని నాడె విసురుతుంటే, "నలబై నాలుగు" అని జనం ఏకకంఠంతో అన్నారు. అవ్వ అడ్డంగా వచ్చి పోగు అతికితే ఈలలు పడ్డాయి. ఆ వెంటనే తెరంతా తెల్లబడిపోయింది. రంగప్ప లాగి చూసిన రెండు బారలూ, వాటితోపాటు ఇంకొంత. అర నిమిషం పాటు వట్టి తెలుపు. రంగప్ప కళ్లు మూసుకున్నాడు.

"ఎండ బాగా కాసిండాది" అంది ముందు వరుసనుంచి శ్రీశైలమ్మ అవ్వ తృప్తిగా. "గంజి తొందరగా ఆరుతాది." అవునవునని చుట్టుపక్కల ఆడవాళ్లు తలలూపారు.

ఇంకొక్క నిమిషానికి రీలు పుటుక్కున తెగింది. టెంటులో ఎక్కడైనా రీలు తెగితే జనం అరుస్తారు, ఈలలు వేస్తారు, డబ్బులు వాపసు అడుగుతారు. ఈ వీధి అట్లా కాదు. "తెగిండాది" అన్న మాట వినపడగానే పాతికమంది ఆడవాళ్లు లేచి, కొంగులు బిగించి, అతకడానికి మిషను మీదికి వచ్చారు. వాళ్లందరికంటే ముందు శ్రీశైలమ్మ అవ్వ, వేలు అప్పటికే తడిచేసుకుని ఉంది.

రంగప్ప తన మిషనును హుసేనప్పను కూడా తాకనివ్వడు. రీలు అతకాలంటే కొస గీకి, సీసాలో మందు పూసి, కాసేపు నొక్కిపట్టాలి. ఉమ్ముకూ పురికీ అది అతకదు. అవతలికి పొమ్మని అరవడానికి నోరు తెరిచాడు. తెగింది అనగానే సగం చూపుతో ఇసుకలో తడుముకుంటూ వచ్చిన ఆ ముఖం చూసి నోరు మూసుకున్నాడు. కొసలు గీకి, మందు రాసి, వాటిని అవ్వ వేళ్ల మధ్య పెట్టి, పైన తన చెయ్యి వేశాడు.

"గట్టిగా పట్టు అవ్వా. నీ పురి లేకుంటే నిలబడదు ఇది."

అవ్వ ఊపిరి బిగబట్టి నొక్కింది. మిషను తిరిగింది, చీర పూర్తయింది, సినిమా అయిపోయింది. నేను అతక్కుంటే సగం చీరే చూసి పోయేవాళ్లని అవ్వ అప్పుడే అందరికీ చెప్పడం మొదలుపెట్టింది.

కేశవులు పెట్రోమాక్సు లైటు కింద కాగితం పరుచుకుని కూచున్నాడు. వీధి వీధంతా చుట్టూ మూగింది. రంగప్ప మాత్రం మిషను వెనకనుంచి కదల్లేదు. అయ్యవారు అక్కడే ఉన్నాడు. మనసు బాగాలేక, అలవాటుగా రంగప్ప తన రెండో మాట అందుకున్నాడు.

"ఏం లాభం అయ్యవారూ. అయిదో తరగతిలో నాకు పన్నెండు, వానికి పదకొండు. ఆ పొద్దు మొదలు వానికి నావల్ల నష్టమే."

అయ్యవారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకా ఆ మాటే సెప్పుకుంటాండావా? ఆ పొద్దు పలకలు మిమ్మల్నే దిద్దుకోమంటి. ఎనిమిది లెక్కలు, ఒక్కోదానికి పన్నెండు. వాని పలక మీద ఎనిమిదీ సరే. నేను ఎనకనే నిలబడి సూస్తాండా. నీ పలక వైపు ఒకసారి తొంగిసూసినాడు. నీది ఒక్కటే సరి. వాడు ఉమ్ము రాసి ఏడు లెక్కలు తుడిచేసినాడు. ఎనిమిదో దాంట్లో ఆఖరు అంకె గూడా చెరిపి, పదకొండు ఏసుకుని, నీ ఎనక వచ్చి నిలబడినాడు."

రంగప్ప మిషను వదిలి అయ్యవారి వైపు తిరిగాడు.

"ఏంటికిరా అని పక్కకు పిలిచి అడిగితే, 'ఆఖరున వస్తే రంగప్పను బడి మాన్పిస్తారంట అయ్యవారూ, మా ఇంట్లో అయితే ఏమీ అనరు' అన్నాడు. ఏమీ అనకపోయేదేంది, వాళ్లనాయన వీపు వాచేట్లు కొట్టినాడు."

పన్నెండేళ్లుగా ఊరంతా తిప్పి చూపించుకున్న ఆస్తి తనది కాదని తెలిసినవాడికి కోపం రావాలి. రంగప్పకు నవ్వు వచ్చింది. పెళ్లిలో నలభై ఎనిమిది, బస్సులో నలభై మూడు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఈ ఊళ్లో ఎవడు ఆఖరున నిలబడినా వాడి వెనక ఇంకొకడు ఉంటాడు. గుంపును తోసుకుంటూ లైటు దగ్గరికి పోయాడు.

కేశవులు చదువుతున్నాడు. "అవ్వ డెబ్బై ఒకటి. వదిన అరవై మూడు. అన్న నలభై నాలుగు." గుంపు ఊపిరి పీల్చుకుంది. "సహాయం, రంగప్ప. ముప్పై తొమ్మిది."

ముప్పై తొమ్మిదికి ఒకటి తక్కువ ఎంతో సావిత్రమ్మకు వేళ్లమీద లెక్కపెట్టే పని లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు ఇరవై ఎయ్యి రా," అన్నాడు రంగప్ప. "ఆఖరున నేను నిలబడతా ఈసారి. నువ్వు నలభై ఏసుకో."

"నీకు ఇరవై అయితే నాకు పంతొమ్మిది."

"అయితే నాకు పది."

"నాకు తొమ్మిది."

"నిలబడండప్పా," అంది అవ్వ విసుగ్గా. "ఇట్లనే దిగుతా పోతే ఇద్దరూ మగ్గం గుంటలో తేలతారు. ఎక్కేదానికి దారి సూడండి."

"నేను ఇంకా సదవడం ముగించలేదు అవ్వా," అన్నాడు కేశవులు. "ముప్పై తొమ్మిది మూత తీసిన రంగప్పకు. అందులో గూడా సగం తప్పు నాదే, పచ్చి రీలని సెప్పకుండా నీళ్లకు పోయింది నేను, అదీ రాసినా. రీలు అతికిన రంగప్పకు వేరే ఉండాది." కాగితం లైటుకు దగ్గరగా పెట్టుకున్నాడు. "తన మిషను దగ్గర అవ్వ చేతికి కొస ఇచ్చినందుకు రెండు. మొత్తం నలభై ఒకటి."

"అయితే నీకు?" అంది సావిత్రమ్మ.

"నలభై."

టెంటు గుడ్డ ఎగిరిపోయేంత గోల అయింది. వాళ్లన్న అందరికంటే ముందు లేచి తమ్ముడి భుజం తట్టి, నలుగురూ చూస్తున్నారని వెంటనే మళ్లీ బిగుసుకున్నాడు.

రెండు రోజులకు కేశవులు ఆ కాగితమూ రీలూ పట్టుకుని మద్రాసు రైలెక్కడానికి ఆదోనికి బయలుదేరాడు. రంగప్ప కెమెరా సంచి మోస్తూ వెంట వచ్చాడు. సంచి మూత మీద చెయ్యి పడకుండా జాగ్రత్తగా పట్టుకున్నాడు. రైలు గంటన్నర ఆలస్యం. కేశవులు రైలుకు ముప్పై అయిదు వేసి, గంట ముందే వచ్చి కూచున్నందుకు తనకు ముప్పై నాలుగు వేసుకున్నాడు.

రైలు కదలబోతుండగా రంగప్ప కిటికీ కమ్మి పట్టుకున్నాడు. అయ్యవారు చెప్పిన సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, పాత మాటే తీశాడు.

"ఏమన్నాగాని రా, అయిదో తరగతి లెక్కల్లో నాకు పన్నెండు, నీకు పదకొండు. గుర్తుండాదా?"

"గుర్తులేకేమి," అన్నాడు కేశవులు, రెప్ప వేయకుండా. "ఆ పొద్దు నువ్వు బాగా సేసినావు."

రైలు వెళ్లిపోయింది. ఎమ్మిగనూరు బస్సు కోసం నడుస్తూ రంగప్ప ఆ అబద్ధానికి మనసులో తొంభై తొమ్మిది వేశాడు. నమ్మినట్టు తల ఊపి వచ్చినందుకు తనకు తొంభై ఎనిమిది వేసుకున్నాడు.